లావా సొరంగంలో నడవాలంటే: దీపం, బూట్లు, వెనుదిరిగే సమయం

లావా సొరంగంలో ఇబ్బంది పడేవాళ్లలో పిరికివాళ్లు తక్కువ. ఫోన్ లైటును నమ్ముకుని, చెప్పులతో, పల్చటి చొక్కాతో దిగినవాళ్లే ఎక్కువ. బయట ఎండ మాడుస్తున్నా లోపల అయిదారు డిగ్రీల చలి ఉండొచ్చు. నేల చదునుగా ఉండదు. మొదటి మలుపు దాటగానే పగటి వెలుతురు పూర్తిగా ఆగిపోతుంది. ఈ మూడింటికీ సిద్ధపడి వెళ్తే ఇది కుటుంబమంతా కలిసి చేయదగిన నడక. సిద్ధపడకపోతే రెండు వందల మీటర్లు కూడా ప్రయాసే.

ఆ గొట్టం ఎలా తయారైంది

సున్నపురాయి గుహలను నీరు లక్షల ఏళ్లపాటు కరిగించి తొలుస్తుంది. లావా సొరంగానికి అంత కాలం పట్టదు. విస్ఫోటనం సాగుతున్న రోజుల్లోనో నెలల్లోనో అది తయారైపోతుంది. పలచగా పారి నల్లటి బసాల్ట్ రాయిగా గట్టిపడే లావా సుమారు 1,150 డిగ్రీల సెల్సియస్ వేడితో వాలు వెంట కాలువ కడుతుంది. గాలి తగిలిన పైభాగం కాగిన పాల మీద మీగడలా గట్టిపడుతుంది. దాని కింద లావా పారుతూనే ఉంటుంది. చుట్టూ ఉన్న రాయి వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి సొరంగంలో కిలోమీటరు దూరం పారినా లావా చల్లబడేది ఒక డిగ్రీ మేరకే. హవాయిలో లావా పది కిలోమీటర్లకు పైగా ప్రయాణించి సముద్రంలో పడగలగడానికి కారణం ఇదే. చివరికి పైనుంచి సరఫరా ఆగిపోతే లోపలున్నది కిందికి జారిపోయి ఖాళీ గొట్టం మిగులుతుంది. అలా మిగిలినవాటిలో ప్రపంచంలోకెల్లా పొడవైనది హవాయిలోని కజుమురా గుహ, 65 కిలోమీటర్లకు పైనే.

ఈ పుట్టుక తెలిస్తే నడకలో మూడు చోట్ల పనికొస్తుంది. మొదటిది దిక్కు. సొరంగం ఒకప్పటి లావా నది. అది అగ్నిపర్వతం నుంచి పల్లానికి పారింది. గోడల మీది గీతలు, నేల మీది ముడతలు ఆ పారుదల దిశను చూపిస్తాయి. రెండోది పైకప్పు. లావా చల్లారేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లు పడుతుంది, ఆ పగుళ్ల వెంబడి రాళ్లు ఊడిపడతాయి. మీరు దిగబోయే ముఖద్వారం కూడా చాలాసార్లు ఇలా కప్పు కూలిన చోటే, అందుకే మొదటి పాతిక మీటర్లు బండరాళ్ల గుట్ట అయి ఉంటుంది. మూడోది నేల. చివరిగా పారిన లావా నున్నగా ముడతలు పడి గట్టిపడితే నడక సులువు. అది పెళుసుగా, ముక్కలు ముక్కలుగా గట్టిపడితే గాజుపెంకుల మీద నడిచినట్టే, పడితే చేతులు చీరుకుపోతాయి.

ఏ సొరంగం ఎంచుకోవాలి

మీ బృందంలో అందరికంటే బలహీనంగా నడిచేవారిని చూసి ఎంచుకోండి. లోపలికి వెళ్లాక బృందాన్ని రెండుగా చీల్చాల్సి రావడం అన్నిటికంటే చెడ్డ పరిస్థితి, ఎందుకంటే దీపాలు కూడా చీలిపోతాయి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు, చంటిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్నవాళ్లకు కరెంటు దీపాలున్న సొరంగాలు సరైనవి. హవాయి అగ్నిపర్వతాల జాతీయ ఉద్యానవనంలోని నాహుకు అలాంటిది. థర్‌స్టన్ లావా సొరంగం అన్నా అదే. సుమారు 500 ఏళ్ల క్రితం ఏర్పడింది. చుట్టూ వాన అడవి, లోపల రెండు వందల మీటర్ల లోపు నడక. అక్కడ సమస్యల్లా పార్కింగు. పగటిపూట మధ్య గంటల్లో ఖాళీ దొరకదు, పొద్దున్నే వెళ్లాలి. కాలిఫోర్నియా ఉత్తర భాగంలోని లావా బెడ్స్ జాతీయ స్మారకంలో (ఇదీ రక్షిత ప్రాంతమే) 800కు పైగా గుహలున్నా, దీపాలున్నది మష్‌పాట్ ఒక్కదానికే. సుమారు 235 మీటర్ల పొడవు, సందర్శకుల కేంద్రం పక్కనే. మిగతా గుహల్లోకి వెళ్లేముందు అందులో ఒకసారి నడిచి, మీ పిల్లలు చీకటికి ఎలా స్పందిస్తారో చూసుకోండి. దక్షిణ కొరియాలోని జేజు ద్వీపంలో ఉన్న మాన్‌జాంగ్‌గుల్ ఏడు కిలోమీటర్లకు పైగా పొడవుంటుంది. సందర్శకులకు కేటాయించినది ఒక కిలోమీటరు, దాని చివర 7.6 మీటర్ల లావా స్తంభం ఉంటుంది. జేజులోని ఈ సొరంగాలు 2007 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి.

చీకటంటే భయపడేవాళ్లున్నారా? అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో క్రేటర్స్ ఆఫ్ ది మూన్ అనే లావా మైదానంలో ఇండియన్ టన్నెల్ అనే సొరంగం ఉంది. దాని కప్పు చాలాచోట్ల కూలడం వల్ల పగలు లోపల వెలుతురు పడుతూనే ఉంటుంది. అయితే రాళ్లెక్కక తప్పదు.

దీపాల్లేని నడకకు వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ సెయింట్ హెలెన్స్ దక్షిణ వాలున ఉన్న ఏప్ కేవ్ మంచి పాఠశాల. సుమారు 2,000 ఏళ్ల క్రితం ఏర్పడిన ఈ సొరంగం మొత్తం నాలుగు కిలోమీటర్ల పొడవు. ముఖద్వారం మధ్యలో ఉండటంతో రెండు దారులవుతాయి. దిగువ దారి దాదాపు 1.2 కిలోమీటర్లు. నేల చాలావరకు చదును, చివర మూసుకుపోతుంది, వెళ్లిన దారినే వెనక్కి రావాలి. ఎగువ దారి 2.4 కిలోమీటర్లు. బండరాళ్ల గుట్టలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కి దిగాలి, మధ్యలో రెండున్నర మీటర్ల నిలువు లావా గోడ ఎక్కాలి, చివర ఇనుప నిచ్చెన మీదుగా బయటపడి అడవిదారిలో తిరిగి రావాలి. పేరు ఒకటే కదా అని దిగువ దారికి సిద్ధమై వచ్చి ఎగువకు మళ్లడం అక్కడ తరచూ జరిగే పొరపాటు. ఆ నిలువు గోడ దగ్గర చేతులు చాలనివాళ్లు ఆగిపోతారు, వెనక్కి అన్ని గుట్టలూ మళ్లీ దాటాలి.

పాకాల్సిన గుహలు మరో తరగతి. లావా బెడ్స్‌లోని కేటకూంబ్స్ రెండు కిలోమీటర్లకు పైగా శాఖోపశాఖలుగా విస్తరించింది. మ్యాపు లేకుండా లోతుకు వెళ్లడానికి వీల్లేని చోటు అది. మోకాలి కవచాలు, హెల్మెట్, గుహల్లో నడిచిన అనుభవం ఉన్న మనిషి లేకుండా అక్కడికి పోవద్దు.

సమయం లెక్క ఇలా వేసుకోండి. చదును నేల మీద దీపం వెలుతురులో గంటకు రెండు కిలోమీటర్లు, బండరాళ్ల మీద గంటకు ఒక కిలోమీటరు. పిల్లలుంటే అలా వచ్చిన సమయానికి మరో సగం కలపండి. బయట మీరు గంటకు అయిదు కిలోమీటర్లు నడుస్తారన్న సంగతి ఇక్కడ లెక్కలోకి రాదు.

అనుమతి, గబ్బిలాలు, బట్టలు

బయల్దేరే రోజు పొద్దున ఉద్యానవనం అధికారిక పేజీ చూడండి. కప్పు నుంచి రాయి పడినా, ముఖద్వారంలో మంచు పేరుకున్నా, గబ్బిలాలు పిల్లలు పెట్టే కాలమైనా, శీతనిద్రలో ఉన్నా గుహలు మూసేస్తారు. ఏప్ కేవ్‌కు రద్దీ కాలంలో ముందే సమయం కేటాయించుకోవాలి. లావా బెడ్స్‌లో, క్రేటర్స్ ఆఫ్ ది మూన్‌లో గుహ అనుమతి పత్రం తీసుకోవాలి. దానికి డబ్బు కట్టనక్కర్లేదు గానీ రేంజర్ (ఉద్యానవనాన్ని కాపాడే ఉద్యోగి) కొన్ని ప్రశ్నలడుగుతారు. వాటిలో ముఖ్యమైనది: మీరు వేసుకున్న బట్టలు, బూట్లు, తెచ్చుకున్న కెమెరా ఇంతకుముందు వేరే గుహలోకి వెళ్లాయా?

ఈ ప్రశ్నకు నిజం చెప్పాలి. తెల్లముక్కు వ్యాధి అనే శిలీంధ్ర రోగం ఉత్తర అమెరికాలో లక్షల గబ్బిలాలను చంపింది. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదట కనబడింది, 2016కల్లా పడమటి తీరంలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చేరింది. శీతనిద్రలో ఉన్న గబ్బిలం ముక్కు మీద, రెక్కల మీద ఆ శిలీంధ్రం పెరుగుతుంది. అది మాటిమాటికీ మేలుకుని, ఒంట్లో దాచుకున్న కొవ్వు ఖర్చైపోయి చలికాలం గడవకుండానే చనిపోతుంది. మనుషులకు ఈ రోగం రాదు. కానీ దాని బీజాలు మన బూట్ల మట్టిలో ఒక గుహ నుంచి మరో గుహకు చేరగలవు. కాబట్టి వేరే గుహలో వాడినవాటిని ఇంట్లో వదిలేయడమే అన్నిటికంటే సులువైన పరిష్కారం. తప్పదంటే, తడిపినా పాడవనివాటిని ముందు మట్టి లేకుండా రుద్ది కడిగి, ఆ తర్వాత 55 డిగ్రీలకు తగ్గని వేడినీళ్లలో 20 నిమిషాలు పూర్తిగా ముంచి ఉంచాలి. థర్మామీటరుతో చూసుకోండి. బకెట్‌లో పోసిన వేడినీళ్లు పది నిమిషాల్లోనే ఆ మట్టం కిందికి పడిపోతాయి, మధ్యలో మళ్లీ వేడినీళ్లు కలపాలి. బెల్టు, వాచీ, బ్యాగు పట్టీలు మరిచిపోయేవి ఇవే.

వెలుతురు

మనిషికి కనీసం రెండు దీపాలు. ఇది చాలా ఉద్యానవనాల నియమం. మూడు ఉండాలని మా సలహా. బృందానికి మూడు కాదు, ఒక్కొక్కరికి మూడు.

మొదటిది తలకు కట్టుకునే హెడ్‌ల్యాంప్. దాని వెలుతురు 200 నుంచి 300 ల్యూమెన్లు ఉండాలి. నల్లటి బసాల్ట్ గోడ వెలుతురును మింగేస్తుంది కాబట్టి ఇంట్లో దేదీప్యమానంగా కనిపించే 50 ల్యూమెన్ల లైటు ఇక్కడ మీ బూట్ల దాకానే చాలుతుంది. రెండోది కూడా హెడ్‌ల్యాంపే అయితే మంచిది, రాళ్లెక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. మూడోది చేతిలో పట్టుకునే టార్చి, దూరంగా కప్పును చూడటానికి. ఫోన్‌ను వీటిలో లెక్కపెట్టకండి. దాని వెలుతురు చెదిరిపోతుంది, చలికి బ్యాటరీ గబగబా పడిపోతుంది, చేయి జారితే రెండు బండల మధ్యకు పోయి మళ్లీ దొరకదు.

మామూలు ఆల్కలైన్ సెల్స్ అయిదు డిగ్రీల చలిలో పెట్టె మీద రాసినంతసేపు రావు. లిథియం సెల్స్ చలిని బాగా తట్టుకుంటాయి. వాటి గుణం ఒకటి గుర్తుంచుకోవాలి: చివరి దాకా ఒకే వెలుతురునిచ్చి ఉన్నట్టుండి ఆగిపోతాయి, ముందు హెచ్చరిక ఉండదు. కొత్త దీపాన్ని వెళ్లేముందు ఇంట్లో ఒకసారి పూర్తిగా వెలగనిచ్చి, ఎన్ని గంటలొచ్చిందో చూడండి. ఆ గంటల్లో మూడో వంతు దాటి లోపలికి వెళ్లకండి. ఒక వంతు వెళ్లడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు ఏదైనా జరిగితే. బదులు సెల్స్‌ను బ్యాగు అడుగున కాకుండా చొక్కా జేబులో పెట్టుకోండి, చీకట్లో తడిమి తీయగలగాలి. చీకట్లో సెల్స్ మార్చడం ఇంట్లోనే కళ్లు మూసుకుని ఒకసారి సాధన చేయండి.

కొవ్వొత్తులు, కాగడాలు, లాంతర్లు నిషిద్ధం. పొగ మసి గోడలకు పట్టి అలాగే ఉండిపోతుంది, లోపలి జీవులకు ఊపిరాడదు.

తలకు, చేతులకు, కాళ్లకు

గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్ పెట్టుకోండి. సైకిల్ హెల్మెట్ అయినా ఒట్టి తల కంటే నయం. దెబ్బ తగిలేది పైనుంచి రాయి పడి కాదు, మనమే కప్పుకు కొట్టుకుని. కాళ్ల కింద చూస్తూ నడిచేవాడికి ఎదురుగా వాలిన కప్పు కనబడదు. హెల్మెట్ పెట్టుకున్నాక మీ ఎత్తు మూడు నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుంది, ఒళ్లు ఆ లెక్కకు అలవాటు పడటానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లో రెండుమూడుసార్లు టప్పుమనడం మామూలే.

బూట్లు మడమ పైదాకా పట్టేవి, అడుగు గట్టిగా, గాట్లు లోతుగా ఉన్నవి. చెప్పులు, శాండిళ్లు, క్రాక్స్ వద్దు. పలుచటి అడుగున్న రన్నింగ్ బూట్లలోంచి రాళ్ల మొనలు గుచ్చుకుంటాయి. చేతులకు తోలు పని గ్లవ్స్. అవి చేతిని కాపాడతాయి, చేతి నూనె గోడకు అంటకుండా గోడనూ కాపాడతాయి. పొడుగు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, పైన ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటర్. నూలు బట్ట తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. కప్పు నుంచి నీటిచుక్కలు రాలే సొరంగాల్లో పల్చటి వాన కోటు కూడా కావాలి. ఏప్ కేవ్‌లో ఏడాది పొడవునా అయిదారు డిగ్రీలే. నడుస్తున్నంతసేపూ చలి తెలియదు. ఎవరి కోసమో పావుగంట ఆగినప్పుడే తెలుస్తుంది, కాబట్టి ఆగిన వెంటనే స్వెటర్ వేసుకోండి.

బ్యాగు చిన్నదై ఉండాలి, వీపుకు అంటుకుని ఉండాలి. అందులో మనిషికి లీటరు నీళ్లు, కట్టు గుడ్డ, ఒక ఈల, వెండి రంగు రేకు దుప్పటి, కూర్చోడానికి ఒక నురుగు చాప ముక్క. తిండి లోపల తినకూడదు. రాలిన పొడి బూజుకు ఆహారమవుతుంది, ఎలుకలను రప్పిస్తుంది. మరుగుదొడ్డి పని బయటే ముగించుకుని దిగండి.

ముఖద్వారం దాకా

లావా మైదానం మీద నడక కూడా నడకే. వేసవి మధ్యాహ్నం నల్లరాయి ఉపరితలం 70 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, నీడ ఉండదు, కుక్కల పాదాలు కాలిపోతాయి. బాట వదిలి అడ్డదారి తొక్కొద్దు. కింద బోలుగా ఉన్న పల్చటి పెంకు కాలు వేయగానే విరగొచ్చు. కప్పు కూలిన గుంతల అంచున నిలబడి తొంగిచూడొద్దు, ఆ అంచు కింద ఏమీ ఉండకపోవచ్చు. బసాల్ట్‌లోని అయస్కాంత ఖనిజం దిక్సూచి ముల్లును పక్కకు లాగుతుంది. లోపల జీపీఎస్ పనిచేయదు.

రగులుతున్న అగ్నిపర్వతం ఉన్న చోట ఇంకో జాగ్రత్త ఉంది. గంధకపు వాయువు మోతాదు ఆ రోజు ఎంతుందో చూసుకోవాలి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు గాలి బాగోలేని రోజు వెళ్లకపోవడమే మేలు. అధికారికంగా తెరవని సొరంగంలోకి ఎవరూ దిగొద్దు. పల్లపు గుంతల్లో బొగ్గుపులుసు వాయువు నిలిచి ఉండొచ్చు, దానికి రంగూ వాసనా ఉండవు. తల నొప్పెట్టి, ఊపిరి వేగం పెరిగితే మాట్లాడకుండా పైకి, బయటికి వచ్చేయాలి.

దిగేముందు బయట ఉన్న ఒకరికి మూడు సంగతులు చెప్పండి: ఏ గుహ, ఎంతమంది, ఎన్ని గంటలకు బయటికొస్తారు. ఆ వేళ దాటి గంటయ్యాక ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పండి. లోపల ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి మీకోసం ఎవరైనా వెతకడం మొదలయ్యేది ఆ బయటి మనిషి వల్లే.

లోపల అడుగులు

మెట్ల కిందే అయిదు నిమిషాలు ఆగండి. ఎండలోంచి వచ్చిన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది, మొదటి అయిదు నిమిషాల్లోనే చాలా తేడా వస్తుంది. ఆ సమయంలో దీపాలన్నీ వెలిగించి చూడండి, తలలు లెక్కపెట్టండి, వాచీ చూసి వెనుదిరిగే వేళ గట్టిగా చెప్పుకోండి. ఆ వేళకు మీరు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. చివర ఇంకో యాభై మీటర్లేనని ఎవరు చెప్పినా సరే.

ముందు ఒక అనుభవజ్ఞుడు, చివర మరొకరు, నడుమ పిల్లలు. ముందున్నవారు అడ్డంకి దాటాక వెనక్కి తిరిగి, తమ దీపం వచ్చేవారి కాళ్ల మీద పడేలా నిలబడాలి, కళ్లలో కాదు. హెడ్‌ల్యాంప్‌తో ఎదుటివారి ముఖంలోకి చూస్తే వారి కంటికి అలవాటైన చీకటి చెదిరిపోతుంది. మాట్లాడేటప్పుడు దీపాన్ని కిందికి వంచండి. ఇది చెప్పకపోతే అందరూ చేసే తప్పే.

బండల మీద చూసి, మోపి, ఆ తర్వాతే బరువు వేయాలి. రెండు కాళ్లు, రెండు చేతుల్లో ఎప్పుడూ మూడు ఆనుకునే ఉండాలి, నాలుగోదే కదలాలి. గుట్ట దిగేటప్పుడు ముఖం రాతి వైపు తిప్పుకుని నిచ్చెన దిగినట్టు దిగండి. దూకొద్దు. గుట్ట మీద ఒకరు ఉండగా సరిగ్గా వారి కిందికి ఇంకొకరు రాకూడదు.

దారి చీలిన ప్రతిచోటా ఆగి వెనక్కి తిరిగి చూడండి. వచ్చేటప్పుడు మీకు కనబడేది ఆ వెనుకవైపు దృశ్యమే, వెళ్లేటప్పటి దృశ్యం కాదు. దారి తప్పేవాళ్లలో చాలామంది ఈ ఒక్క పని చేయనివాళ్లే. సుద్దతో గుర్తులు పెట్టడం, రాళ్లు పేర్చడం నిషిద్ధం. కాగితం మీద రాసుకోండి: మొదటి చీలిక, ఎడమ, కప్పులో నిలువు పగులు.

ఇరుకులో పాకాల్సి వస్తే బ్యాగు తీసి ముందుకు నెట్టుకోండి, ఒక చేయి ముందుకు, ఒక చేయి ఒంటి పక్కన. భుజాలు అప్పుడు ఏటవాలుగా మారి ఒళ్లు సన్నబడుతుంది. ఇరుక్కున్నట్టనిపిస్తే పెనుగులాడకండి. ఊపిరి పూర్తిగా వదిలేస్తే ఛాతీ తగ్గుతుంది, అప్పుడు వెనక్కి జరగండి. పల్లంలోకి తలకిందులుగా ఎప్పుడూ పాకొద్దు.

గోడలు చదవడం

ఇంత సిద్ధపడింది దీనికోసమే, ఇక్కడ తొందర పనికిరాదు. ఆఖరి దాకా వెళ్లాలన్న పట్టుదల కంటే సగం దూరం నెమ్మదిగా నడిచి గోడలు చూడటం ఎంతో మేలు.

టార్చిని గోడకు ఎదురుగా కాకుండా పక్కనుంచి ఆనించినట్టు పట్టుకోండి. నీడలు పడి, నున్నగా అనిపించిన గోడ మీద అడ్డగీతలు పైకి తేలతాయి. అవి లావా మట్టాలు. ఒక్కో గీత దగ్గర లావా కొంతకాలం అదే ఎత్తులో పారింది. అంచులు ముందుగా గట్టిపడటం వల్ల కొన్నిచోట్ల అవి నడుము ఎత్తు అరుగులయ్యాయి. వాటి మీద ఎక్కి నడవాలనిపిస్తుంది, వద్దు, పెళుసుగా ఉంటాయి.

కప్పు చూడండి. అంగుళం పొడవున్న మొనలు వేలాడుతుంటాయి. సున్నపు గుహల్లోలా నీరు కట్టినవి కావవి. కింద పారే లావా వేడికి, పైన మండే వాయువుల వేడికి కప్పే మళ్లీ కరిగి, జారుతూ గట్టిపడినవి. ఒకటి విరిగితే మళ్లీ పుట్టడానికి ఇంకో విస్ఫోటనం రావాలి. తల ఎత్తేముందు పైన ఎంత ఖాళీ ఉందో చూసుకోమనేది అందుకే. ఏప్ కేవ్ దిగువ దారిలో ఒకచోట గోడల మధ్య ఇరుక్కుని నెత్తి మీద ఒక గుండ్రటి బండ వేలాడుతుంది. పారుతున్న లావా మీద తేలుతూ వచ్చిన రాయి అది. లావా మట్టం పడిపోయాక అక్కడే చిక్కుకుపోయింది. లావా అప్పుడు ఎంత ఎత్తున పారిందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

గోడల మీద వెండి, బంగారు రంగు మెరుపులు కనిపిస్తే అవి ఖనిజాలు కావు, బ్యాక్టీరియా సమూహాలు. నీళ్లను అంటనివ్వని వాటి ఒంటి మీద నిలిచిన బిందువులు దీపపు వెలుతురును తిరిగి విసురుతాయి. లావా బెడ్స్‌లోని గోల్డెన్ డోమ్‌కు ఆ పేరు ఇందువల్లే వచ్చింది. వేలితో రాస్తే చాలు ఆ చోటు పాడైపోతుంది. హవాయి సొరంగాల్లో కప్పులోంచి ఓహియా చెట్ల వేర్లు వేలాడుతుంటాయి, వాటిని తిని బతికే పురుగులున్నాయి. చల్లటి సొరంగాల్లో ఉండే గ్రిల్లోబ్లాటిడ్ అనే రెక్కల్లేని పురుగును అరచేతిలో పెట్టుకుంటే ఆ వేడికే చనిపోవచ్చు. గబ్బిలం కనబడితే వెలుతురు తిప్పేసి, మాటలాపి, కింది నుంచి మెల్లగా దాటి వెళ్లండి. దాన్ని చలికాలంలో ఒకసారి నిద్రలేపడమంటే దాని తిండి నిల్వలో కొంత కాజేయడమే.

కొన్ని సొరంగాల అడుగున వేసవిలోనూ మంచుగడ్డ ఉంటుంది. లావా బెడ్స్‌లోని స్కల్ కేవ్‌లో నేలే మంచు. చలికాలపు చల్లగాలి బరువెక్కి లోపలికి జారి, వేసవిలో తేలికైన వేడిగాలి దాన్ని తోయలేక అక్కడే నిలిచిపోవడం దీనికి కారణం. అలాంటి చోట మెట్ల చివరి మలుపు నుంచే జారుడు మొదలవుతుంది, చేతిపట్టు వదలొద్దు.

ఫొటోకు కెమెరాను ముక్కాలిపీట (ట్రైపాడ్) మీద పెట్టి, వెలుతురును పట్టే స్థాయి అయిన ఐఎస్ఓను 800కు ఉంచి, షట్టర్‌ను 15 నుంచి 30 సెకన్లు తెరిచి ఉంచండి. ఆ సెకన్లలో టార్చిని కెమెరా పక్కనుంచి గోడల మీద తిప్పుతూ ఉండాలి. ఫొటోలో తెల్లటి పొగ కనిపిస్తే అది మీ ఊపిరి, షట్టర్ నొక్కేముందు పక్కకు ఊదండి. గబ్బిలాల దగ్గర ఫ్లాష్ వద్దు.

ఏదైనా తేడా వస్తే

దీపం ఆరిపోతే ఉన్నచోటే కూర్చోండి. నిలబడి తడుముకునేవాళ్లే పడతారు. రెండో దీపం వెలిగించాకే లేవాలి, ఇక ముందుకు వెళ్లకూడదు. బృందం మొత్తంలో ఒక్క దీపమే మిగిలితే అందరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, దీపం ముందున్నవారి చేతిలో ఉంచి, ప్రతి అడ్డంకి దగ్గరా ఆగి వెనకకు చూపిస్తూ రావాలి.

దారి తెలియకపోతే ఆగండి, వెతుక్కుంటూ ఒక్కొక్కరూ ఒక్కో దారిన పోకండి. ఈల మూడుసార్లు ఊది, నిశ్శబ్దంగా విని, మళ్లీ ఊదండి. చాప మీద దగ్గరదగ్గరగా కూర్చుని, రేకు దుప్పటి కప్పుకుని, ఒక్క దీపం మాత్రమే మందంగా వెలిగించుకుని, బయట చెప్పి వచ్చిన వేళ దాటేదాకా ఉండటం తెలివైన పని.

చీలమండ మెలితిరిగితే బూటు విప్పొద్దు. వాపు వచ్చాక మళ్లీ పట్టదు, ఆ బూటే అప్పుడు కట్టు. తాళ్లు కాస్త వదులు చేసి, పైనుంచి గుడ్డ చుట్టి, కూర్చుని జరుగుతూనైనా బయటికి రావచ్చు. తలకు గట్టి దెబ్బ తగిలినా, కాలు మోపలేకపోయినా కదిలించకుండా ఒకరు దగ్గరుండి, ఇద్దరు రెండేసి దీపాలతో బయటికి వెళ్లాలి. బృందం నలుగురి కంటే తక్కువ ఉండకూడదనేది ఈ లెక్క వల్లే.

ఎవరికైనా గుండె దడ, చెమట, బయటికి పోవాలన్న ఆత్రం మొదలైతే సముదాయించి ముందుకు తీసుకెళ్లకండి. పెద్దవారొకరు తోడుగా వెంటనే వెనక్కి బయల్దేరాలి. భూమి కంపించినట్టనిపిస్తే పగుళ్లున్న కప్పు కింద నిలవకుండా అందరూ బయటికి.

బయటికొచ్చాక

మళ్లీ తలలు లెక్కపెట్టండి. మీకోసం చూస్తున్న మనిషికి వచ్చేశామని వెంటనే కబురు పంపండి. ఇది మరిచిపోతే ఆ సాయంత్రం రేంజర్లు ఖాళీ గుహను వెతుకుతారు. జేబుల్లో రాతిముక్క ఉంటే అక్కడే తీసిపెట్టండి, ఉద్యానవనంలో ఏ రాయీ తీసుకెళ్లడానికి అనుమతి లేదు. బూట్ల అడుగు మట్టిని కారెక్కే ముందే బ్రష్‌తో దులిపి, లోపల వేసుకున్నవన్నీ ఒక సంచీలో విడిగా మూతికట్టి, ఇంటికి వెళ్లాక వేడినీళ్ల పని పూర్తిచేయండి. సంచీ మీద గుహ పేరు, తేదీ రాసి పెట్టుకుంటే తర్వాతి ఉద్యానవనంలో రేంజర్ అడిగే ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది.